దృష్టినాడి వాపునకు చికిత్స

కనుగ్రుడ్డును కదల్చినపుడు నొప్పి కలిగి, రెండు మూడు దినములలో ఒక కంటి చూపు మసకబారును. ఎరుపు రంగు వెలిసినట్లు తోచును. పైకి కన్ను మామూలుగనే యుండుటచే ఇంటివారు వెంటనే నమ్మరు. కంటినుండి మెదడునకు పోవు దృష్టినాడి వాచినపుడు సాధారణముగ కనబడు లక్షణము లివి.

దీనికి స్టెరాయిడు మందని పలువురు వినియుందురు. ఏ మోతాదున, ఏ మార్గమున ననునది ముఖ్యము. అమెరికాలో 457 మందిపై జరిపి, 1992లో ప్రకటించిన పరిశోధనను శ్రోతలు గమనింపవలయును. మిథైల్ ప్రెడ్నిసలోన్ దినమునకు 1 గ్రాము చొప్పున మూడు దినములు రక్తనాళములోని కెక్కించి, పిదప మాత్ర లిచ్చినవారికి చూపు త్వరగా మరలెను. ఆరు మాసములకు చూడగా, ఉత్తుత్తి మాత్రలు మ్రింగినవారి చూపునకును వీరి చూపునకును భేదము స్వల్పమే! చిత్రమేమనగా, మొదటినుండి తక్కువ మోతాదు మాత్రలే వాడినవారికి వ్యాధి మిక్కిలిగ తిరుగబెట్టెను. పాత చీటీ చూపి అంగడిలో మాత్రలు కొనుట మే మెంతమాత్రము మెచ్చము.

ఎట్లును నయమగునని ఇంట కూర్చుండవచ్చునా? కూడదు. 2004లో కనుగొనిన యొక ప్రతిరక్షకము కొందరి రక్తమున నుండును. వారికి చూపు తీవ్రముగ చెడును. చికిత్సకు జాగైన మరలుట కష్టము. స్టెరాయిడు చాలనిచో, రక్తములోని ప్లాస్మాను వేరుచేసి తొలగించు చికిత్సను దినము విడిచి దినము 5 మొదలు 7 మారులు చేయుదురు. ఎవరి వ్యాధి యెట్టిదో ఎం.ఆర్.ఐ., రక్తపరీక్ష తేల్చవలసినదే, ఇంటిలో తెలియదు. మధుమేహము, రక్తపుపోటు, క్షయ గలవారు ఆ సంగతి ముందుగనే వైద్యునికి చెప్పవలయును, స్టెరాయిడు వాటిని పెచ్చరిల్లజేయును గనుక.