బానిసత్వాన్ని ఎవరు రద్దు చేశారు?

(విశాఖపట్నంలో రేవు కార్మికులు, ఉక్కు కార్మికులు, చుట్టుపక్కల పల్లెల కూలీలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం మాట్లాడుకోబోయేది బానిసత్వం రద్దయిన కథ. మొదలు అమెరికాలో. "మా పేటలో బోరు చెడి నెలయింది, మీకు అమెరికా దొరికిందా" అని ఒకరిద్దరు అప్పుడే అడిగారు. అడగాల్సిందే. కానీ ఈ కథ మన రేవు మీదుగా పోయి మన కంబారి గుడిసె దగ్గర ఆగుతుంది. కాస్త ఓపిక పట్టండి.

బళ్ళో పుస్తకం ఏం చెబుతుంది? లింకన్ బానిసలకు స్వేచ్ఛ ఇచ్చాడు అని. ఇచ్చాడట! ఆ 'ఇచ్చాడు' దగ్గర మనం ఆగాలి. లింకన్ ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. అంతకు 34 ఏళ్ళ ముందే, 1829లో, బోస్టన్ రేవు దగ్గర పాతబట్టల దుకాణం పెట్టుకున్న డేవిడ్ వాకర్ అనే నల్లమనిషి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. అణిగి ఉండకండి, లేవండి అని అందులో రాశాడు. దక్షిణాది బానిసలకు దాన్ని చేర్చింది ఎవరు? ఓడల్లో పనిచేసే కళాసీలు. బట్టల్లో పెట్టి కుట్టి మోసుకుపోయారు. ఇంత చిన్న పుస్తకానికి దొరలు జడిసి, అలాంటివి పంచితే శిక్ష అని చట్టాలు చేశారు. మన పత్రిక పన్నెండు పేజీలే అని చిన్నచూపు చూసేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

ఇంకొకాయన ఫ్రెడరిక్ డగ్లస్. మన షిప్‌యార్డు వాళ్ళు ఈయన్ని దగ్గరవాడు అనుకోవచ్చు. బాల్టిమోర్‌లో ఓడలు కట్టేచోట పలకల సందుల్లో నార కూరి తారు పూసే పని ఆయనది. వారమంతా ఒళ్ళు విరిచి తెచ్చిన కూలి యజమాని చేతిలో పెట్టాలి. 1838లో నావికుడి బట్టలు కట్టి, ఇంకొకడి కాగితాలు పట్టుకుని రైలెక్కి పారిపోయాడు. బానిసత్వం లేని ఊరు న్యూ బెడ్‌ఫర్డ్ చేరాడు. అక్కడ ఏమైంది? "నల్లోడు మాతో పనిచేస్తే మేం పని మానేస్తాం" అన్నారు తెల్ల కార్మికులు. చేతిలో విద్య ఉంది, పని లేదు. కట్టెలు కొట్టాడు, బరువులు మోశాడు. యూనియన్ నాయకులు కూడా ఈ సభలో ఉన్నారు కాబట్టి ఈ ముక్క కొంచెం నిదానంగా చెబుతున్నాం. 1847లో ఆయన సొంత పత్రిక పెట్టాడు. యుద్ధం వచ్చినప్పుడు బానిసలు తోటలు వదిలి నడిచి వచ్చేశారు, సుమారు 1,80,000 మంది నల్ల సైనికులు పోరాడారు. 1865లో రాజ్యాంగాన్ని సవరించక తప్పలేదు.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. మహాత్మా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నల్లవాళ్ళ బానిసత్వాన్ని తొలగించిన అమెరికా జనానికి దాన్ని అంకితం ఇచ్చాడు. బాబాసాహెబ్ బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచాడు. బానిసను ఉంచుకోమని ఏ చట్టమూ నిర్బంధించలేదు, అంటరానితనాన్ని మాత్రం పాటించి తీరాలన్నారు అని తేల్చాడు.

ఇక మన సంగతి. తెల్లదొరలు 1833లో తమ వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేశారు. బానిసల యజమానులకు 2 కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చారు. బానిసకు పైసా లేదు. నవ్వుకోకండి, 1948లో మన జమీందారీలు రద్దు చేసినప్పుడూ పరిహారం జమీందారుకే పోయింది, ఆ భూమి దున్నిన మాలకూ మాదిగకూ కాదు. పైగా ఆ 1833 చట్టం నుంచి కంపెనీ ఏలుబడిలో ఉన్న మన దేశాన్ని మినహాయించారు. పదేళ్ళు గడిచాక 1843లో 5వ నంబరు చట్టం వచ్చింది. అందులో 'మీరు విడుదలయ్యారు' అన్న మాట లేదు. బానిస మీద యజమాని హక్కును కోర్టు గుర్తించదు అని మాత్రం ఉంది. అంటే పారిపోయినవాణ్ణి కోర్టు పట్టి ఇవ్వదు. మంచిదే. కానీ పారిపోయి ఎక్కడికి పోతాడు? సెంటు భూమి ఉందా? ఆ చట్టం వచ్చిందని పేటలోకొచ్చి డప్పు కొట్టి చెప్పిందెవరు? మద్రాసు రెవెన్యూ బోర్డు కాగితాల్లో తమిళ, మలబారు కూలీలను బానిసలని రాశారు గాని తెలుగు జిల్లాల కూలీలు స్వేచ్ఛగా ఉన్నారని రాసుకున్నారు. బుగత గారిని అడిగి రాస్తే అలాగే ఉంటుంది మరి.

ఇప్పుడు రేవు దగ్గరకి వద్దాం. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరుకు తోటలకు మనుషులు కావాలి. ఎక్కడ దొరుకుతారు? కరువున్న చోట. మన తీరం నుంచి మారిషస్ పోయారు. 1860 నుంచి నాటాల్ పోయారు. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ కూడా పోయారు. అయిదేళ్ళ కాగితం మీద వేలిముద్ర. మధ్యలో పని మానితే జైలు. దాన్ని 'గిర్మిట్' అన్నారు, అగ్రిమెంటు అన్న మాట మన నోట్లో అలా నలిగింది. 1917లో ఆ రవాణా ఆగింది. కొత్త కూలీలు పోవడం ఆగింది గాని, ఫిజీలో అప్పటికే ఉన్నవాళ్ళ ఒప్పందాలు రద్దయ్యేసరికి 1920 వచ్చింది.

ఆ కాగితం కూడా లేనిది రంగం వలస. మన ముసలోళ్ళు 'రంగం పోయాడు' అనేవారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ పోయి, అక్కడ మూటలు మోసి, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళు. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు. ఓడ ఛార్జీ మేస్త్రి పెడతాడు, ఇంట్లో పెళ్ళానికి నాలుగు రూపాయలు మేస్త్రి ఇస్తాడు. అప్పటినుంచి మనిషి మేస్త్రివాడు. కూలి మేస్త్రి చేతికి పోయి, పట్టుకోగా మిగిలింది మనిషి చేతికి వస్తుంది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టాయి. మనవాళ్ళతో రాజీ కుదరగానే వాళ్ళను పొమ్మన్నాయి. కడుపు కాలిన కూలీలు కడుపు కాలిన కూలీల మీద పడ్డారు. వందమందికి పైగా చచ్చారు, ఎక్కువమంది మనవాళ్ళే. కంపెనీవాడికి చెమట కూడా పట్టలేదు.

కొండమీద సంగతి వేరేగా లేదు. విశాఖ ఏజెన్సీలో దాని పేరు గోతి. అప్పు తీసుకున్న గిరిజనుడు తీరేదాకా అప్పిచ్చినవాడి పొలంలో చాకిరీ చెయ్యాలి. పని వడ్డీకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు. దిగినవాడు ఎక్కిరాని గొయ్యి. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు రోడ్డు పనికి గిరిజనులను తోలుకుపోయి కూలి ఎగ్గొట్టాడు. 1922లో లేచిన మన్యం తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఆ వెట్టి ఒకటి. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు, ఆయన వెనక నడిచిన గిరిజనుల్లో ఎందరి పేర్లు తెలుసు? 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో రుణ బానిసత్వం రద్దు చేస్తూ రెగ్యులేషన్ చేసింది. తిరుగుబాటు అయిన పద్దెనిమిదేళ్ళకు!

ఆఖరికి 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసింది. ఈ చట్టం మనం చదవాలి. పాలేరు, జీతం, వెట్టి అన్న మన మాటలు అందులో ఉన్నాయి. మన ఉత్తరాంధ్ర కంబారి పేరు లేదు. లేకపోయినా అప్పు కింద చాకిరీ చేసే ఎవరికైనా చట్టం వర్తిస్తుంది. ఆ అప్పు రద్దు. రద్దయిన అప్పు వసూలు చేస్తే మూడేళ్ళ దాకా జైలు. ఇది వెట్టి అప్పు కాదు అని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడు, మనం కాదు. జిల్లాలో విజిలెన్స్ కమిటీ ఉండాలి, అందులో కలెక్టరు నియమించే ఎస్సీ ఎస్టీ సభ్యులు ముగ్గురు ఉండాలి. మన జిల్లాలో ఆ ముగ్గురూ ఎవరు? ఈ సభలో చెప్పగలిగినవాళ్ళు చెయ్యెత్తండి.

ఎవరూ ఎత్తలేదు.

1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకొక మాట చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకుంటే అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని. కొరడా అక్కర్లేదు, ఆకలి బలవంతం చాలు. కాంట్రాక్టరు కింద సంతకం ఒక అంకె మీద పెట్టి, చేతికి ఇంకొక అంకె తీసుకునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి. ఇటుక బట్టీకి అడ్వాన్సు తీసుకుని పిల్లలతో సహా వెళ్ళేవాళ్ళు మరీ గుర్తుంచుకోండి. ఆ అడ్వాన్సు రంగం మేస్త్రి ఇచ్చిన నాలుగు రూపాయల మనవడే.

ఏం చెయ్యాలి? ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో, ఏ తేదీ నుంచి ఎన్నాళ్ళు పనిచేశారో, చేతికి ఎంత వచ్చిందో ఒక కాగితం మీద రాయండి. రాయడం రానివాళ్ళకు బడికెళ్ళే పిల్లలు రాస్తారు, మేమూ రాస్తాం. మేస్త్రి పేరు, ఫోను నంబరు వేయండి. ఒక్కడే పోవద్దు, పేటలో పదిమంది ఒకే రోజు పోయి కలెక్టరు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేకుండా మెట్లు దిగొద్దు. మేం ఆ విజిలెన్స్ కమిటీ సభ్యుల పేర్లు సమాచార హక్కు కింద అడుగుతున్నాం, జవాబు వస్తే వచ్చే సంచికలో అచ్చువేస్తాం. ఇప్పుడు ఈ చాప మీద కూర్చుని రాయించుకునేవాళ్ళు ముందుకు రండి.