తూము తాళం ఎవరి చేతిలో ఉండాలి?

స్నాతకోత్సవంలో పట్టుదల గురించి, క్రమశిక్షణ గురించి చెప్పడం ఆనవాయితీ. ఆ పాఠం మీ అమ్మానాన్నల బతుకులే మీకు నాకన్నా బాగా చెప్పి ఉంటాయి. అందుకని నేను ఒకే ఒక ప్రశ్న మీ ముందు పెడతాను. మన ఫోన్లను, వాటిలో సాగే వ్యాపారాన్ని నడిపిస్తున్న పెద్ద టెక్నాలజీ కంపెనీల మార్కెట్ బలాన్ని, అవి వసూలు చేసే ధరలను ప్రభుత్వం అదుపు చేయాలా, వద్దా? చేయాలనే నేను నమ్ముతాను. అయితే దేన్ని అదుపు చేయాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నది తేల్చుకోకుండా అదుపు గురించి మాట్లాడితే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

ఈ ప్రశ్నకు మనమున్న ఈ మైదుకూరులోనే ఒక పాత సాక్ష్యం ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మీదుగా మన పొలాలకు నీళ్లిస్తూ కడప వైపు సాగే కేసీ (కర్నూలు-కడప) కాలువను 1860లలో తవ్వించింది ఒక ప్రైవేటు కంపెనీ. దాని పేరు మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. వాటాలు అమ్మి పెట్టుబడి కూడగట్టింది. ఆ పెట్టుబడి మీద నూటికి 5 వంతుల వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అనుకున్న రాబడి రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఆ కంపెనీని నిందించడానికి ఇది చెప్పడం లేదు. సాహసం చేసి కాలువ తవ్వినందుకు దానికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. అయినా నీళ్లకు వేరే దారి లేని చోట తూము తాళం ఒక్కరి చేతిలో ఉంటే, నీటి తీరువా ఎంత, ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్న నిర్ణయాలను ఆ ఒక్కరి లాభనష్టాల లెక్కకే వదిలేయలేం. ఎగువ రైతుకు ఈ సంగతి అంతగా పట్టకపోవచ్చు. చివరి ఆయకట్టు రైతుకు మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన రాకపోయినా పైరు ఎండుతుంది, పైన ఎవరో షట్టరు దించినా ఎండుతుందని అతనికి ఏటా తెలిసివస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మీ జేబులోని ఫోన్ సంగతి చూద్దాం. మన దేశంలో నూటికి తొంభైకి పైగా స్మార్ట్‌ఫోన్లు ఆండ్రాయిడ్ మీదే నడుస్తాయి. గూగుల్ తయారుచేసిన మంచి సరుకు అది. తక్కువ ధర ఫోన్ పల్లెదాకా రావడానికి దాని సాయం చాలా ఉంది. కానీ సరుకు బాగుండి పెరగడం ఒకటి, పెరిగాక ఇంకొకరికి దారి మూసేయడం మరొకటి. ప్లే స్టోర్ కావాలంటే మా యాప్‌లన్నీ కలిపి ఫోన్‌లో ముందే వేయాలి, తెరమీద కంటికి కనిపించే చోట పెట్టాలి, వాటిని తీసేసే వీలు ఉండకూడదు అని ఫోన్ తయారీదారులకు గూగుల్ షరతులు పెట్టిందని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా తేల్చింది. 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కమిషన్ ఆదేశాలు కొన్నింటిని కొట్టేసినా, జరిమానాను ఖాయం చేసింది. మీలో ఒకరు పసుపు రైతుల కోసం ఒక యాప్ తయారుచేశారనుకోండి. తెగుళ్ల సలహాలు ఇచ్చే ఆ యాప్ ధర 100 రూపాయలు. ప్లే స్టోర్ ద్వారా వసూలు చేస్తే ఆదాయాన్ని బట్టి 15 నుంచి 30 రూపాయల దాకా స్టోర్ వాటా కింద పోవచ్చు. ఇష్టం లేకపోతే మానుకో అంటారా? మానుకుంటే నూటికి తొంభై మంది రైతుల ఫోన్లలోకి వెళ్లే రాజమార్గాన్నే వదులుకోవాలి. బేరమాడే అవకాశం లేని చోట పడిన ధరను ఇద్దరూ ఒప్పుకున్న ధర అనలేం.

కమిషన్ దీన్ని కూడా పట్టించుకుంది. యాప్‌లు తప్పనిసరిగా గూగుల్ చెల్లింపు పద్ధతినే వాడాలన్న నిబంధన మీద 2022 అక్టోబరు 25న 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో ట్రిబ్యునల్ ఆ మొత్తాన్ని 216.69 కోట్లకు తగ్గించినా, గూగుల్ తన బలాన్ని దుర్వినియోగం చేసిందన్న మాటను పూర్తిగా కొట్టేయలేదు. తర్వాత జరిగింది మరింత గమనించదగ్గది. వేరే చెల్లింపు పద్ధతి వాడుకునే వీలు గూగుల్ ఇచ్చింది. అలా వాడుకుంటే తగ్గించే రుసుము మాత్రం నూటికి 4 వంతులే. అంటే 15 కాస్తా 11 అవుతుంది, 30 కాస్తా 26 అవుతుంది. తలుపు తీసినట్టే ఉంటుంది, గడప మాత్రం ఎత్తు తగ్గదు. 2024 మార్చి 1న భారత్ మ్యాట్రిమోనీ, నౌకరీ లాంటి కంపెనీల యాప్‌లను గూగుల్ స్టోర్ నుంచి తీసేసింది. అవి మాకు రావాల్సిన రుసుము కట్టలేదు, కోర్టులూ వాటికి రక్షణ ఇవ్వలేదు అన్నది గూగుల్ వాదన. ఆ వాదనలో న్యాయం ఉండవచ్చు. కేంద్రం కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లోనే యాప్‌లు తిరిగొచ్చాయి. తప్పెవరిదైనా ఒక్క సంగతి మాత్రం బయటపడింది. దేశంలో పేరున్న కంపెనీ అంగడిని సైతం ఒక్కరోజులో కనపడకుండా చేయగల తాళం ఒకరి చేతిలో ఉంది. వాళ్ల కోసం మంత్రి మాట్లాడారు. మైదుకూరు నుంచి యాప్ పెట్టుకున్న కుర్రాడి కోసం ఎవరు మాట్లాడతారు?

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ఇవన్నీ మనకు ఉచితంగా దొరుకుతున్నాయి కదా, డబ్బే తీసుకోనివాడు దోచుకునేది ఏముంటుంది అంటారు. డబ్బుగా చెల్లించని ధర కూడా ధరే. 2021లో వాట్సాప్ తన నిబంధనలు మార్చి, మాతృసంస్థ మెటాతో సమాచారం పంచుకోవడానికి ఒప్పుకోవాల్సిందేనంది. ఒప్పుకోకపోతే వాట్సాప్ వాడుకోవడం కుదరదన్నట్టే. బంధువులు, బడి, ఆఫీసు, అంగడి అందరూ అక్కడే ఉంటే కాదనగలిగేదెవరు? దాని మీద కమిషన్ 2024 నవంబరులో 213.14 కోట్ల జరిమానా వేసింది. 2025 నవంబరులో ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించింది, కమిషన్ విధించిన అయిదేళ్ల నిషేధాన్ని మాత్రం తీసేసింది. పైగా, మనకు ఉచితంగా దొరికేదానికి ఖర్చు ఎవరో ఒకరు పెడుతున్నారు. అంగడివాడు ప్రకటనలకు కట్టే డబ్బు, యాప్ తయారుచేసినవాడు కట్టే వాటా చివరికి సరుకు ధరలో కలిసిపోయి మన దగ్గరికే వస్తాయి. అవి బిల్లులో విడిగా కనిపించవు, అంతే.

అలాగైతే ప్రభుత్వమే ధర నిర్ణయిస్తే సరిపోదా అని కొందరు తొందరపడతారు. అక్కడ నేను ఆగమంటాను. మన రాష్ట్రంలోనే దానికి గుణపాఠం ఉంది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం సినిమా టికెట్ల ధరలు నిర్ణయిస్తూ 35వ నంబరు జీవో ఇచ్చింది. పంచాయతీ పరిధిలోని థియేటర్లలో అట్టడుగు తరగతి టికెట్ 5 రూపాయలకు వచ్చింది. పేదవాడికి వినోదం అందాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ ధరకు కరెంటు బిల్లు కూడా రాదని ఆ ఏడాది డిసెంబరులో పలుచోట్ల థియేటర్లు మూతపడ్డాయి. 2022 మార్చిలో ప్రభుత్వమే ధరలు పెంచుతూ కొత్త జీవో ఇవ్వాల్సి వచ్చింది. ధర వెనుక ఎన్నో ఖర్చులు, ఎంతో తెలివి, ఎంతో పోటీ ఉంటాయి. సచివాలయంలో కూర్చుని ఆ లెక్కంతా తేల్చడం ఎంత సమర్థుడైన అధికారికైనా అయ్యే పని కాదు. అందులోనూ నెలనెలా మారిపోయే టెక్నాలజీలో అసలే కాదు.

మరి ప్రభుత్వం ఏం చేయాలి? దారి చూపించేది కడప పసుపు యార్డు. ఫలానా రోజు పసుపు కొమ్ము క్వింటాలు ఇంత అని అక్కడ ప్రభుత్వం రాసిపెట్టదు. వేలంలో వ్యాపారులు పాడిన పాటే ధర. అయితే పసుపు తూచే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, వ్యాపారికి లైసెన్సు ఉండాలి, పాట అందరికీ వినిపించాలి. ఒకప్పుడు మన సంతల్లో తువాలు కింద చేతులు పట్టుకుని వేళ్లతో ధర తేల్చుకునేవారు. రైతు పక్కనే నిలబడి ఉన్నా తన సరుకుకు ఎంత పలికిందో అతనికి తెలిసేది కాదు. 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ నియంత్రిత మార్కెట్లు కావాలని సిఫారసు చేయడానికి ఇలాంటి మోసాలే కారణం. తువాలు తీసెయ్యడం, కాటా సరిచెయ్యడం ప్రభుత్వం పని. పాట పాడటం వ్యాపారి పని. ఈ రెంటినీ కలిపితే మార్కెట్ చెడుతుంది, మొదటిదాన్ని వదిలేస్తే రైతు చెడతాడు.

ఈనాటి సంతలో తువాలు అంటే ఆల్గారిథం. వెతికినప్పుడు ఎవరి సరుకు పైన కనిపించాలి, ఎవరిది పదో పేజీకి పోవాలి అని అదే తేలుస్తుంది. సంత నడిపేవాడే అందులో సరుకు కూడా అమ్ముకుంటే కాటా ఎటు మొగ్గుతుందో ఊహించవచ్చు. గూగుల్ వెతుకులాటలో తన షాపింగ్ సేవను పైన చూపి, పోటీదారులను కిందికి నెట్టిందని యూరోపియన్ యూనియన్ 2017లో 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. అమెరికాలో 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా, వెతుకులాటలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పు చెప్పారు. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందు తానే ఉండటానికి గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ కేసులో తేలింది. సరుకు బాగుంటే చాలు, జనం తామే వెతుక్కుంటూ వస్తారనుకున్న కంపెనీ దారిలో నిలబడటానికి అంత డబ్బు పోయదు.

ఇందుకు చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2002 నాటి పోటీ చట్టం ఉంది. చిక్కంతా ఆలస్యంలో ఉంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయితో సిమెంటు తయారవడం మీకు తెలుసు. ధరల విషయంలో కూడబలుక్కున్నాయని దేశంలోని 11 సిమెంటు కంపెనీల మీద కమిషన్ 2012లో 6,000 కోట్లకు పైగా జరిమానా వేసింది. ట్రిబ్యునల్ దాన్ని కొట్టేస్తే 2016లో మళ్లీ వేసింది. 2018లో ట్రిబ్యునల్ సమర్థించాక కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. సిమెంటు పదేళ్లయినా సిమెంటే. టెక్నాలజీలో మాత్రం తీర్పు వచ్చేలోపు నష్టపోయిన చిన్న కంపెనీ ఉనికే ఉండదు. అందుకే యూరప్ 2022లో డిజిటల్ మార్కెట్ల చట్టం తెచ్చి, పెద్ద వేదికలు చేయకూడని పనులు ముందే రాసిపెట్టింది. మన దేశంలో 2022 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం అలాంటి చట్టమే కావాలంది. 2024 మార్చిలో ముసాయిదా కూడా బయటికొచ్చింది. అది చట్టం కావాలి. తన సరుకుకు తానే పెద్దపీట వేసుకోకూడదు. ఒక సేవ కావాలంటే ఇంకోటి కొనాలని ముడిపెట్టకూడదు. ఒక వేదిక నుంచి మరో వేదికకు మారేవాణ్ని ఆపకూడదు. రుసుము ఎందుకు, ఎంత అన్నది ముందే బయటపెట్టాలి. ఈ నాలుగూ కాటా మీద వేసే ముద్రలు.

పెట్టుబడులు పారిపోతాయని భయపెట్టేవారున్నారు. తేదీలే వారికి జవాబు చెబుతాయి. జరిమానాలు పడింది 2022లో. సుప్రీంకోర్టు ఉపశమనం ఇవ్వనన్నాక గూగుల్ ఫోన్ తయారీదారులకు పెట్టిన షరతులు సడలించింది 2023 జనవరిలో. ట్రిబ్యునల్ రెండో తీర్పు 2025 మార్చిలో. అదే గూగుల్ 2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. ఆ పెట్టుబడిని సంతోషంగా ఆహ్వానిద్దాం. ఇంటికి పిలిచిన చుట్టానికి పీట వేస్తాం, ఇంటి తాళాలు అప్పగించం.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ప్రభుత్వం చేతికి తాళం ఇస్తే అది మాత్రం దుర్వినియోగం చేయదా? చేయగలదు. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద మొదట్లో 20 కోట్ల ఆస్తి దాటిన సంస్థ విస్తరించాలన్నా ఢిల్లీ అనుమతి కావాల్సి వచ్చేది. పెరగడమే నేరమన్నట్టు చూసిన ఆ పద్ధతిని 1991లో వదిలేశాం, వదిలేసి మంచి పని చేశాం. కాబట్టి నియంత్రణ మంత్రి ఇష్టం మీద నడవకూడదు. స్వతంత్ర కమిషన్ కారణాలు రాసి తీర్పు చెప్పాలి, ఆ తీర్పు మీద అప్పీలు ఉండాలి. కంపెనీ పెద్దది కావడమే తప్పని అక్కడ తేల్చకూడదు, ఎదుటివాడి దారి మూసిందా అన్నదే చూడాలి.

దారి తెరిచి ఉంచితే ఏం జరుగుతుందో చూడాలంటే బయట టీ బంకు దగ్గరికి వెళ్లండి. గాజు సీసాల పక్కన ఒక క్యూఆర్ కోడ్ బొమ్మ అంటించి ఉంటుంది. మీ ఫోన్‌లో ఒక కంపెనీ యాప్, బంకు యజమాని దగ్గర ఇంకో కంపెనీ పెట్టె. అయినా 10 రూపాయలు చేరుతాయి, చేరిన సంగతి పెట్టె తెలుగులోనే చెబుతుంది. 2016లో మొదలైన యూపీఐ బాటను నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వేసింది, ఆ బాట మీద ఎవరి బండైనా నడవచ్చన్నది నియమం. అక్కడ కూడా రెండు కంపెనీల చేతుల్లోనే నూటికి సుమారు 80 వంతుల లావాదేవీలున్నాయి. ఏ ఒక్కరి వాటా 30 శాతం దాటకూడదన్న పరిమితి 2020లో ప్రకటించి, గడువు 2026 చివరిదాకా పొడిగించుకుంటూ వచ్చారు. అందుకే బాట వేస్తే సరిపోదు, కాపలా కూడా కాయాలి.

మీలో కొందరు రేపు ఆ కంపెనీల్లోనే ఆల్గారిథంలు రాస్తారు. ఎవరి సరుకు పైన ఉండాలో మీ చేతి రాతే నిర్ణయిస్తుంది. కొందరు అధికారులవుతారు, కొందరు చిన్న అంగడో, సాగో చేసుకుంటారు. ఎక్కడున్నా, ఏ నియమం మీ ముందుకొచ్చినా ఒక్క కొలబద్ద దగ్గర పెట్టుకోండి. కాలువకు నీళ్లు వదిలారన్న వార్త సుంకేసుల దగ్గర పుడుతుంది. ఆ నీళ్లు నిజంగా వచ్చాయా లేదా అన్నది మాత్రం చివరి ఆయకట్టులో మడి గట్టున నిలబడ్డ రైతును అడిగితేనే తెలుస్తుంది. మీరు అతన్ని అడగండి. అతని బిడ్డలుగా మీకు ఆ హక్కూ ఉంది, ఆ బాధ్యతా ఉంది.