కొండకు ఏ దారిన పోదాం?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్సవాలు ముగిశాక అన్ని బ్యాచ్‌ల వాళ్లం కలిసి ఒక కొండెక్కి, పైనుంచి చుట్టూ చూసి వద్దామని మిత్రులు అంటున్నారు. మంచి ఆలోచన. ఏ కొండ, ఏ దారి అన్నదానిపై ఇంజనీరుగా నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా వినిపించిన పేరు భువనగిరి. ఒకే రాతిగుట్ట, ఎత్తు అయిదు వందల అడుగుల పైమాటే. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్‌ల శిక్షణ మొదలైంది అక్కడి రాళ్ల మీదే. మన పిల్లలను తప్పక తీసుకెళ్లండి. కానీ డెబ్బై దాటిన మాస్టార్లతో వెళ్లాలంటే వేరే లెక్క వేయాలి.

దూరం తక్కువైతే దారి సులువని అనుకుంటాం. తిరుమలనే చూడండి. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారి 2 కిలోమీటర్ల పైచిలుకు, 2,388 మెట్లు. కిలోమీటరుకు చూస్తే మొదటిదానిలో సుమారు 400 మెట్లు, రెండోదానిలో వెయ్యికి పైనే. అందుకే దూరం ఒక్కటే చూస్తే సరిపోదు, వాలు కూడా చూడాలి. దారిలో ఆగే చోట్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి.

ఇవన్నీ కలిపి చూస్తే నా ఓటు గోల్కొండకే. గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. స్కాట్లండ్‌కు చెందిన నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు: 5 కిలోమీటర్ల నడకకు గంట, 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. ఆ ప్రకారం మనకు ఎత్తు కోసం పట్టే అదనపు సమయం 12 నిమిషాలు. మన వయసుకు దాన్ని మూడింతలు చేసుకుందాం! పైకి వెళ్లే దారిలో రామదాసు బందీఖానా, మసీదు, అమ్మవారి గుడి ఉన్నాయి. ఒక్కోచోట కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. పైన బారాదరి చేరితే కుతుబ్‌షాహీ సమాధులు, అటు నగరమంతా కనిపిస్తాయి.

రెండు జాగ్రత్తలు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కానీ, మోకాళ్ల మీద భారం పడేది దిగేటప్పుడే. రాణీమహళ్ల వైపు దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, కాబట్టి ఎక్కిన దారినే దిగుదాం. అందరికన్నా మెల్లగా నడిచేవారు ముందుండాలి, మిగతావాళ్లు వారి వెనక నడవాలి.

ఎక్కలేని గురువులను బస్సులో కూర్చోబెట్టి మనం వెళ్లవద్దు. కింద దర్వాజా గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే పైన బారాదరికి వినిపిస్తుందని మీకందరికీ తెలుసు. వారు అక్కడ నిలబడి చప్పట్లు కొట్టాలి, పైన మనం వినాలి. చిన్నప్పుడు ఆ చప్పట్ల కోసమే కదా అంత తపన పడ్డాం!

డిసెంబరు ఎండ మెత్తగా ఉంటుంది, పొద్దున్నే బయలుదేరుదాం. పేర్లు ఇచ్చేటప్పుడు మొహమాటపడకుండా మోకాళ్ల సంగతి కూడా రాసివ్వండి. సెలవు.