తల తిరిగితే పడుకోవడమేనా?



మన చిత్తూరు, తిరుపతి పక్క ఇళ్ళలో పెద్దావిడ పొద్దున్నే "తల తిప్పతా వుందిమే" అన్నదంటే కోడలు చేసే పని ఒకటే. నిమ్మకాయ కోసి వాసన చూపించి, "పైత్యం చేసింది, పడుకో అత్తా" అంటుంది. ఒకటి రెండు రోజులు పడుకుంటే నష్టం లేదు. ఆ పడక అలవాటైతేనే చిక్కు. గడప దాటాలంటే భయం, గుడికి పోవడం మానుకోవడం, పెరట్లోకి వెళ్ళాలన్నా మనవరాలి భుజం కావాలనడం. తల తిరుగుడు కంటే ఆ భయమే మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది.

ముందుగా ఒక తేడా గమనించాలి. లేచి నిలబడగానే కళ్ళకు చీకట్లు కమ్మడం వేరు, ఇల్లంతా గిర్రున తిరిగినట్లుండడం వేరు. మొదటిది ఉపవాసం వల్లనో, ఒంట్లో రక్తం తక్కువయ్యో, రక్తపోటు పడిపోయో రావచ్చు. రెండోది చాలాసార్లు చెవికి సంబంధించినది. అయితే మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా నిమ్మకాయ వెతుకుతూ కూర్చోకూడదు. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకు వెళ్ళాలి.

చెవి వినడానికే అనుకుంటాం. లోపలి చెవిలో సన్నని వంపు గొట్టాలు మూడు వున్నాయి. వాటిలో నీరు వుంటుంది. తల ఎటు తిరిగిందీ అవి మెదడుకు కబురు పంపుతాయి. కళ్ళు ఇంకో కబురు, పాదాలూ కీళ్ళూ మరో కబురు పంపుతాయి. మూడూ ఒకే మాట చెబితే మనిషి నిలకడగా నిలబడుతుంది. ఒక చెవి దెబ్బతింటే మాటలు పొసగవు. అప్పుడే తల తిరుగుతుంది. మంచి సంగతేమిటంటే, మెదడు కొత్త లెక్క నేర్చుకోగలదు. కానీ తల కదిలిస్తేనే నేర్చుకుంటుంది. తల తిరుగుడు మాత్రలు నెలల తరబడి మింగుతూ పడుకుంటే ఆ చదువు సాగదు. ఆ మాత్రలు మొదటి కొద్ది రోజులకే.

1940 ప్రాంతాల్లో, యుద్ధకాలంలో, ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు యీ సంగతి మీదే వ్యాయామాలు కూర్చారు. మొదట పడక మీదే కళ్ళు పైకీ కిందికీ, పక్కలకూ తిప్పడం. తరువాత తల, మొదట మెల్లగా, ఆపైన వేగంగా. కూర్చుని ముందుకు వంగి నేల మీది వస్తువు తీయడం. నిలబడి ఒక చేతి నుంచి ఇంకో చేతికి బంతి ఎగరేసి పట్టుకోవడం. ఆఖరున నడక, వాలు, మెట్లు. వింటూంటే మన అచ్చనగాయలు గుర్తుకు రావడం లేదూ! కాయ ఎగరేసి, దాని వెంటే చూపు పోనిచ్చి, పట్టుకునే ఆట అది.

ఇంట్లో చేయదగినది ఒకటి చెబుతాను. గోడమీది దేవస్థానం క్యాలెండరులో ఒక అంకె మీద చూపు నిలపండి. చూపు చెదరకుండా తలను కుడికీ ఎడమకూ నిమిషం సేపు తిప్పండి. మొదట కుర్చీలో కూర్చునే చేయాలి. కాస్త తల తిరుగుతుంది, తిరగాలి కూడా. కాసేపటికి సర్దుకుంటే సరే. వాంతి వచ్చేట్లుంటే వేగం తగ్గించాలి. రోజూ రెండు మూడు పూటలు, కొన్ని వారాలు. మెడనొప్పి వున్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

పక్కమీద దొర్లినప్పుడు మాత్రమే, నిమిషం లోపు తిరిగి ఆగిపోయేది వేరే రకం. చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి ఆ గొట్టాల్లో పడడం వల్ల వస్తుంది. మన పక్క దానికి "మెడ ఎముకలు అరిగాయి" అని పేరు పెట్టి పట్టీ కట్టించుకునే వాళ్ళు కొల్లలు. దానికి మందు అక్కర్లేదు. వైద్యుడు మనల్ని పడుకోబెట్టి, తలను ఒక వరుసలో తిప్పి రేణువులను వాటి చోటికి పంపుతాడు. అమెరికాలో ఎప్లీ అనే వైద్యుడు కనిపెట్టి, 1992లో ప్రచురించిన పద్ధతి యిది. చాలామందికి ఒకటి రెండుసార్లకే నయమవుతుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో చెవి వైద్యులున్నారు. స్విమ్స్‌లో ఫిజియోథెరపీ కళాశాలే వుంది. చిత్తూరు వాళ్ళకు వేలూరు ఎలాగూ దగ్గరే.

ఇంట్లో కోడళ్ళకు ఒక మాట. అత్తగారు నడక సాధన చేస్తుంటే వెనకాలే వుండండి. పడబోతే తప్ప చెయ్యి పట్టుకోకండి. తడి నేల తుడవండి, రాత్రి దీపం వుంచండి. కొండ మెట్లు ఎక్కే మొక్కు వుందంటే తొందరపెట్టకండి, వద్దనీ అనకండి. అలిపిరి దారిలో మెట్లు 3,550. ముందు మన మిద్దె మెట్లు పట్టు లేకుండా ఎక్కి దిగనీయండి. ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఆ సాధన పగటి వెలుగులో చేయించండి.