వంటపాత్రల వన్నెయు వాసియు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



రోడ్లు, మంచినీరు, వీధి దీపముల గూర్చి వినుటకు వచ్చిన సభలో గిన్నెలను గూర్చి చెప్పుటేమని కొందరు నవ్వుకొనుచుండవచ్చును. వంటిల్లు ఆడువారి వ్యవహారమని పూర్వము అనుకొనెడివారు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి గనుక, ఆ నవ్వునకు పూర్వపు బలము లేదనుకొందును. అదియుగాక, గిన్నె కొనునది తరచుగా పురుషుడే. పట్నము పోయి, తళతళలాడుచున్నదానిని చూచి, బేరమాడి తెచ్చునది ఆయన. దానితో ముప్పది యేండ్లు వేగునది ఇల్లాలు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున బంధువుల యింట పెండ్లికి పోయియుంటిని. రాత్రి మిగిలిన పులుసును ఇత్తడి గుండిగలోనే యుంచి, ఉదయమున వేడిచేసి పిల్లలకు అన్నములో వడ్డించినారు. గంట తిరుగక మునుపే పిల్లలకు వాంతులు, కడుపునొప్పి పట్టుకొన్నవి. వైద్యుడు వచ్చి నూనె యెక్కడిదనెను, నీరెక్కడిదనెను. గుండిగ మాట ఎవరికిని తోచలేదు. మధ్యాహ్నము దానిని కడుగుటకు బోర్లించినప్పుడు చూచితిమి. అడుగున కళాయి పూర్తిగా అరిగి ఇత్తడి పసుపువలె బయటపడియున్నది. అంచు వెంబడి పచ్చని చిలుము. దైవానుగ్రహమున పిల్లలందరు సాయంకాలమునకు తేరుకొనిరి. ఆ గుండిగ ఊరి ఉమ్మడి సామానులోనిది. ఆ మాఘమాసముననే అది నాలుగు పెండ్లిండ్లు తిరిగి వచ్చినదట!

ఇత్తడి యనగా రాగియు యశదమును కలిసిన లోహము. చింతపండు, నిమ్మరసము, మజ్జిగ వంటి పులుపు తగిలినచో అందలి రాగి కరిగి వంటలో దిగును. ఈ కారణముననే మన పెద్దలు ఇత్తడికిని రాగికిని కళాయి వేయించెడివారు. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నియమావళియు, సరిగా కళాయి వేయని ఇత్తడి, రాగి పాత్రలలో అమ్మకమునకు ఆహారము తయారుచేసినచో అది తినుటకు తగనిదిగా పరిగణించెను. పెంకులూడి తుప్పుపట్టిన పింగాణీ పూత గిన్నెలను గూర్చియు అదే మాట చెప్పెను.

ఇత్తడి చెడ్డదని నేననుట లేదు. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి, గోదావరి ప్రాంతపు అజ్జరము మొదలగు గ్రామములు ఈ పనితనమునకు పేరుగన్నవి. దళసరి ఇత్తడి గిన్నెలో వండిన అన్నము అడుగంటుట అరుదు. కళాయి అరుగగానే మరల వేయించవలెను. అంతియే దాని షరతు. అయితే వీధి వీధి తిరుగుచు కేక వేసెడి కళాయివాడు నేడు చాల ఊళ్లకు వచ్చుట లేదు. కనుక ఇత్తడి కొనదలచినవారు ముందుగా కళాయి వేయువాడు ఎక్కడ నున్నాడో తెలిసికొని పిదప కొనుట మేలు.

కళాయి పనిలోను మోసము కలదు. పాత్రను శుభ్రపరచి, నిప్పులపై కాచి, నవాసాగరపు పొడి చల్లి, తగరపు కడ్డీని తాకించి దూదితో తుడుతురు. తగరము 232 డిగ్రీల వేడికే కరగును గనుక పని త్వరగా ముగియును. తగరపు ధర సీసపు ధరకు అనేక రెట్లు. అందుచేత కొందరు తగరములో సీసము కలుపుదురు. సీసము రాగివలె ఒక్కపూటలో వాంతి చేయించి హెచ్చరించునది కాదు. కొద్దికొద్దిగా ఒంటిలో చేరి పసిపిల్లల బుద్ధి వికాసమునే దెబ్బతీయును. ఇంతవరకు సీసము క్షేమమని వైద్యులు ఏ పరిమితిని కూడ చెప్పలేదు. కనుక కళాయి వేయించువారు కడ్డీని చేతికి తీసికొని చూడవలెను. స్వచ్ఛమైన తగరపు కడ్డీని చెవికి దగ్గరగా పట్టి వంచినచో చిటపటమను సన్నని శబ్దము వినవచ్చును. సీసము మూగది. పైగా బరువెక్కువ, గోటితో గీరిన గీత పడును, కాగితముపై రాచిన నల్లని చార వేయును. కొద్దిపాటి కలితీ ఈ పరీక్షలకు దొరకకపోవచ్చును గాని పెద్ద మోసము బయటపడును.

ఇక అల్యూమినియము. చవుక, తేలిక, త్వరగా వేడెక్కును. దీనికి కూడ పులుపు, ఉప్పు సరిపడవు. రసము, పులిహోర, ఊరగాయ దీనిలో నిలువ యుంచరాదు. రేకుతో చేసిన గిన్నెల కంటె నాకు ఎక్కువ భయము పోత గిన్నెల విషయమున. ఇండాలియము అను పేరుతో అమ్ముడగు పోత పాత్రలలో కొన్ని, ఏ తుక్కు లోహమును కరిగించి పోసినవో తెలియనివి. 2025 ఆగస్టులో అమెరికా ఆహార ఔషధ సంస్థ, ఇట్టి పేర్లతో దిగుమతియైన కొన్ని పాత్రల నుండి సీసము ఆహారములో దిగుచున్నదని తమ ప్రజలను హెచ్చరించినది. ఆ జాతి గిన్నెలు మన సంతలలో కూడ అమ్ముడగుచున్నవి. చేసినవారి పేరు, ముద్ర లేని పోత గిన్నె ఎంత చవుకగా వచ్చినను తీసికొనవలదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియము వంటసామానుకు ఐ.ఎస్.ఐ. ముద్రను తప్పనిసరి చేయు ఉత్తర్వు వెలువరించినది. స్టీలు పాత్రపై ఐ.ఎస్. 14756, అల్యూమినియము పాత్రపై ఐ.ఎస్. 1660 అను అంకెలు చూచుకొనవచ్చును. ప్రెషరు కుక్కరునకు ఐ.ఎస్. 2347.

స్టీలును గూర్చి ఒక భ్రమ యున్నది. అయస్కాంతము అంటుకొననిచో మంచి స్టీలని అంగడివారు పరీక్ష చేసి చూపుదురు. నూటికి 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు గల 304 రకము అయస్కాంతమునకు అంటదు, నిజమే. కాని నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చవుక రకము కూడ అంటదు. కనుక ఆ పరీక్షతో పైకము ఇచ్చివేయకుడు. పాత్రపై రకము ముద్రింపబడియున్నదా, రసీదుపై వ్రాసి యిచ్చెదరా యని అడుగుడు. మరియొక సంగతి. స్టీలు వేడిని పరపుటలో మందకొడిది. అల్యూమినియము దానికి సుమారు పదునైదు రెట్లు చురుకైనది. పలుచని స్టీలు గిన్నెలో పప్పు మాడుటకు ఇదే కారణము, ఇల్లాలి అశ్రద్ధ కాదు. అడుగున రాగి రంగు మెరసినంత మాత్రమున ఈ దోషము పోదు. ఆ పూత కాగితము కంటె పలుచన. రెండు స్టీలు రేకుల నడుమ దళసరి అల్యూమినియము బిళ్ల యున్న అడుగు కావలెను. గిన్నెను చేత పట్టినప్పుడు బరువు అడుగునకు దిగినట్లు తెలియును.

పాత చీరలకు బదులు ఇచ్చు స్టీలు గిన్నెలు, పెండ్లిలో పేర్లు చెక్కించి చదివించు బిందెలు ఈ లెక్కలోనికి రావు. అవి అటకపై యుండుటకే పుట్టినవి.

ఇనుమును మాత్రము మనము అన్యాయముగా విడిచితిమి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇనుప పాత్రలలో వండిన ఆహారము తిన్న పసిపిల్లలకు రక్తము మెరుగుపడినట్లు ఇథియోపియాలో జరిపిన పరిశోధన 1999లో ప్రకటింపబడినది. బాండీ, అట్లపెనము ఇనుపవి యుంచుకొనుడు. కూర వండగానే వేరు గిన్నెలోనికి తీయవలెను, కడిగి తడి ఆర్చి నూనె రాయవలెను. ఇనుప బాండీ యున్నదని వైద్యుడిచ్చిన మాత్రలు మానరాదు. పులుసునకు రాతిచిప్ప గాని మట్టికుండ గాని యున్న, పులుపుతో వాటికి పేచీ లేదు. అంటుకొనని పూత పెనములను కట్టెపొయ్యిపై పెట్టరాదు, వట్టిదానిని కాచరాదు.

పొయ్యి మాట కూడ ఒకటి. దీపము పథకము 1999లో, ఉజ్జ్వల పథకము 2016లో వచ్చి ఎన్నో పల్లెల యిండ్లకు గ్యాసు చేరినది. పొయ్యి మారినది గాని పాత్ర మారలేదు. మూడు రాళ్ల పొయ్యికి గుండ్రని అడుగు తగినది. గ్యాసు పొయ్యిపై అది కుదురుగా నిలువదు, మంట ప్రక్కలకు పోవును. అడుగు సమతలముగా నున్న పాత్ర కొన్నచో సిలిండరు నాలుగు దినములు ఎక్కువ రాకపోయినను, పాలు ఒలికి పిల్లల కాళ్లపై పడకుండునుగదా.

ఇక సభ్యులకు సంబంధించిన పని. మీ వార్డులోని అంగన్వాడీ వంటింటిలోనికి ఒకసారి పోయి, సాంబారు కాచు పాత్రను బోర్లించి లోపలి అడుగు చూడుడు. బయటి మెరుపు చూచి రావలదు. ఊరి ఉమ్మడి గుండిగలు, గంగాళములు అద్దెకిచ్చుచున్న చోట్ల, ఆ అద్దెలో కొంత కళాయికై వేరుగా తీసి, మాఘమునకు ముందొకసారి, శ్రావణమునకు ముందొకసారి కళాయివానిని పిలిపించి, ఒకేచోట కూర్చుండబెట్టినచో ఊరివారందరు తమ యిండ్ల పాత్రలు కూడ తెచ్చుకొందురు. పని గిట్టుబాటగును గనుక అతడు మరల వచ్చును. లెక్కపుస్తకములో ఏ పాత్రకు ఏనాడు కళాయి వేసినారో వ్రాసియుంచవలెను. అడుగు పసుపైన గుండిగను తాళము తీసి ఇవ్వరాదు. ఎంత పెద్దవారి పెండ్లియైనను సరే.

కార్యదర్శిగారు ఈ ఊరి గుండిగలను నా కోరికపై వసారాలో బోర్లించి పెట్టించినారు. తగరపు కడ్డీ ఒకటి, సీసపు కడ్డీ ఒకటి తెచ్చితిని, బల్లపై నున్నవి. ఏది యేదో నేను చెప్పను. ఒక్కొక్కరు వచ్చి తగరపు కడ్డీ ఏదో వంచి విని చెప్పుడు. సీసము తాకిన చేతులు కడుగుకొనుటకు నీళ్లు, సబ్బు గుమ్మము వద్ద పెట్టించితిమి. పిదప వసారాలోనికి పోదము.