ఎల్ల దాటి వచ్చిన మన నుడి చుట్టాలు

(రాష్ట్రేతర తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాది ఒడిశాలోని జయపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతగారు ఊరు కదలలేదు. ఎల్లే కదిలింది. అందుకే మమ్మల్ని వలసవచ్చినవారంటే నొచ్చుకుంటాం. ఈ వేదికమీద తెలుగు బడుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మన్నించాలి. నేడు నేను నిజంగానే ఎల్ల దాటి తెలుగునేలకు రావలసివచ్చిన కోయల గురించి మాట్లాడదలచాను.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. పాలకులు దానికి శాంతియాత్ర అని అర్థం చెప్పారు. గోండీ ఎరిగినవారు 'శుద్ధి వేట' అన్నారు. ఒక మాటకు అర్థం ఎవరు చెప్పాలన్నది భాషోద్యమకారులకు చిన్న విషయం కాదు. మావోయిస్టులకు తిండీ నీడా దొరకకూడదంటే అడవిలో ఊళ్లే ఉండకూడదన్నది జుడుం లెక్క. అధికారుల లెక్క ప్రకారమే 644 ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లతోపాటు గాదెల్లోని ధాన్యమూ కాలింది. శిబిరానికి పోయినవాడు మావోయిస్టులకు ద్రోహి, పోనివాడు పోలీసులకు మావోయిస్టు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరంమీద మావోయిస్టులు జరిపిన దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారూ ఆదివాసులే. ఒక పక్క శవాలను మాత్రమే లెక్కపెట్టే హక్కుల వాదం నాకు రుచించదు.

రెంటికీ దొరకకుండా వేలాదిమంది అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఇక్కడివారు వారిని గొత్తికోయలన్నారు. చింతూరు వైపు అటువంటి గూడెం ఒకదానికి నేను వెళ్లాను. ఎండకు సొమ్మసిల్లి కూర్చుంటే ఒక ముసలమ్మ "ఏర్?" అని అడిగింది. ఇక్కడ ఏరెక్కడుందని నేను వెర్రిచూపు చూశాను. ఆమె లోపలికి వెళ్లి సొరకాయ బుర్రతో నీళ్లు తెచ్చింది. గోండీలో ఏర్ అంటే నీరు. మన ఏరే అది! భాషావేత్తలు తెలుగునూ గోండీనీ ఒకే కొమ్మకు చేర్చారని పుస్తకాల్లో చదివినవాణ్ణే, కానీ ఆ గుక్కెడు నీళ్లు తాగేదాకా ఆ చుట్టరికం నాకు తెలియలేదు.

ఆ చుట్టాలకు మనం చేసిన మర్యాద ఏమిటి? అక్కడ షెడ్యూల్డు తెగ అయినవారికి ఎల్ల దాటగానే ఆ గుర్తింపు చెల్లలేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం 2005 డిసెంబర్ 13ను గడువుగా పెట్టింది. జుడుం మొదలై అప్పటికి ఆరు నెలలే. తరువాత పారిపోయి వచ్చినవారికి ఇక్కడ దున్నిన నేలమీద హక్కు లేదు. వదిలివచ్చిన నేలకు ఆధారాలు తేవాలంటే ఊరే లేదు. 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది వారి గుడిసెలు కూల్చారు. ఆపైన హైకోర్టు అడ్డుపడింది. ఒకసారి తరిమింది తుపాకి, మరోసారి తరిమింది అడవి చట్టం.

ఎవరినీ నిలువనీడ లేకుండా చేసే తొలగింపు తగదని ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల సంఘం 1997లోనే చెప్పింది. ఆ ఒడంబడికలో మన దేశం 1979లోనే చేరింది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి తుపాకులిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన బి. సుదర్శన్‌రెడ్డి గారు. తీర్పు వచ్చినంతమాత్రాన కాలిన ఊళ్లు మళ్లీ లేవలేదు.

మనం ఒడిశాలో, తమిళనాడులో 350-ఎ అధికరణం చూపి మన పిల్లలకు తల్లినుడిలో ప్రాథమిక విద్య అడుగుతున్నాం. భద్రాచలం అడవిలోని కోయపిల్ల బడికి పోతే అక్కడ చాలావరకు తెలుగే దిక్కు. ఒడియా పంతులు మన పిల్లలతో అన్న మాటనే మనం ఆ పిల్లతో అంటున్నాం.

మధ్యాహ్నం తీర్మానాలు ప్రవేశపెడతారు. ప్రత్యామ్నాయం చూపకుండా గొత్తికోయల గూడేలు కూల్చరాదనీ, వారి పిల్లలకు కోయనుడిలో ప్రాథమిక బడి ఉండాలనీ ఒక తీర్మానం రాసి తెచ్చాను. తెలుగు బడుల తీర్మానానికి ముందే దీన్ని చదవనివ్వాలని అధ్యక్షులను కోరుతున్నాను. సభ ఒప్పకపోతే, నా ఒక్కడి పేరుతోనైనా కార్యక్రమాల పుస్తకంలో నమోదు చేయండి.