మాస్కు ఉంది కదా అని దిగొద్దు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతమని ఈ బడిలోనే సైన్సు మాస్టారు చెప్పారు. ఆ అంకెను నమ్ముకునే ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఉద్యోగం చేశాను.

ఒకరోజు ట్యాంకు శుభ్రం చేస్తూ ఒక కార్మికుడు లోపల పడిపోయాడు. "నాకు మాస్కు ఉంది సార్" అంటూ అతని తోటివాడు దిగబోతే చొక్కా పట్టుకుని ఆపాను. నన్ను తిట్టాడు. ఆ ఫిల్టరు మాస్కు విషవాయువును వడకడుతుందే గానీ, లేని ఆక్సిజన్‌ను తెచ్చివ్వలేదు. వీపున గాలి సిలిండరు కట్టుకుని మావాళ్లిద్దరు దిగి అతణ్ణి పైకి తెచ్చారు. బతికాడు.

సిలిండరుకూ లెక్క ఉంది. ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ల ఒత్తిడితో సుమారు 1,800 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 45 నిమిషాలు. బరువు మోస్తే ఇంకా తక్కువ. హెచ్చరిక విజిల్ మోగేలోపే బయటపడాలి. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు. బయట ఒక మనిషి కాపలా ఉండి తీరాలి.

మీ ఊళ్లో పాడుబావిలోనో, సెప్టిక్ ట్యాంకులోనో ఎవరైనా పడితే వెనకే దిగకండి. 101కి ఫోన్ చేయండి.

ఆనాడు నన్ను తిట్టినవాడు ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ ఫోన్ చేస్తాడు. సెలవు.